జ్ఞాపకపు ఆట: సభనుండి సంచిలోనికి

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గము గుంటూరు–రేపల్లె మార్గములో భాగముగా 1916లో ఏర్పడినది. దానిని నిర్మించినవారు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు. దూరము సుమారు 34 కిలోమీటర్లు. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోన అనుచు ఊళ్లపేర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, కృష్ణాతీరమునకు చేరువగా రేపల్లెలో మార్గము ముగియును. ఈ మార్గమున పెరిగిన పిల్లలు ఆ పేర్లను ఎవరును నేర్పకుండగనే వరుసగా ఒప్పజెప్పగలరు. తిరిగి వచ్చునప్పుడు అవే పేర్లను తలక్రిందులుగా చెప్పుమన్నచో తడబడుదురు. తడబడినవానిని చూచి తక్కినవారు నవ్వుదురు. ప్రయాణమున ఆడు జ్ఞాపకపు ఆటలలో ఇంతకంటె చౌకయైనది లేదు.

అయినను, నేడు కుటుంబముతో దూరప్రయాణమునకు బయలుదేరువారు సంచిలో వేసికొనుటకు మరియొక వస్తువును వెదకుచున్నారు. అది అరచేతిలో ఇమిడెడి చిన్న విద్యుత్పరికరము. దానిపై నాలుగు రంగుల మీటలుండును. ఒకటి వెలుగును, మ్రోగును. పిల్లవాడు దానినే నొక్కవలెను. తరువాత రెండు, ఆపైన మూడు. ఇట్లు వరుస పెరుగుచుండగా, ఎక్కడ తప్పినచో అక్కడ ఆట ముగియును. ఇట్టి బొమ్మలు అంగళ్లలో అనేక రూపములలో దొరకుచున్నవి. పెట్టెలపై కొన్నింటికి జ్ఞాపకశక్తి పెరుగునను వాగ్దానముకూడ ఉండును. వీనిలో దేనిని కొనవలెను? అసలు కొనవలెనా? ఈ ప్రశ్నకు ధరల పట్టికకంటె చరిత్రయే మంచి సమాధానము చెప్పగలదని మా నమ్మకము. ఏలయనగా ఈ ఆట క్రొత్తది కాదు. దాని ఒడలు మాత్రమే క్రొత్తది.

మన ఇండ్లలోని పాత ఆటలు చాలవరకు కంటిముందుండు ఆటలు. వామనగుంటలలో గింజలు గుంటలలో కనబడుచుండును. అష్టాచెమ్మాలో కాయలు గళ్లలో నిలిచియుండును. పులిజూదములో పులులును మేకలును గీతలమీదనే యుండును. ఆడువాడు ఒక క్షణము పరధ్యానములో పడినను, మరల చూచి ఆట అందుకొనవచ్చును. జ్ఞాపకపు ఆట అట్టిది కాదు. అందు ఆటస్థలము కంటికి కనబడదు. జరిగినదంతయు మనస్సులోనే నిలుపుకొనవలెను. ఈ నిలుపుకొనుటకే మన పెద్దలు ధారణ యని పేరుపెట్టిరి.

ధారణను మించిన సాధనము మనుష్యునికి చిరకాలము లేకుండెను. తరువాత వ్రాత వచ్చినది. ఆ మార్పునకు సాక్ష్యము మన రేపల్లె మార్గమునందే కలదు. భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు ధాతుపేటికలు లభించినవి. వానిపై బ్రాహ్మీలిపికి ఒక ప్రత్యేకరూపమైన అక్షరములు చెక్కబడియున్నవి. అవి క్రీస్తుపూర్వపు శతాబ్దములనాటివి. ఆ శాసనములలో కుబేరకుడను రాజుపేరు కలదు. అంతకంటె ఎక్కువగా ఉన్నవి గోష్ఠికి, నిగమమునకు చెందినవారి పేర్లు. అనగా మన ప్రాంతపు తొలి వ్రాతలలో గణనీయమైన భాగము పేర్ల వరుసయే. ఎవరెవరు కలిసి ఆ పుణ్యకార్యము చేసిరో మరువరాదని రాతిపై చెక్కించిరి. మనస్సునకు పెట్టుకొన్న బరువును మనుష్యుడు తొలిసారిగా ఒక వస్తువుపై దింపిన తీరు అది.

వ్రాత వచ్చినను ధారణ పోలేదు. అది మరింత కట్టుదిట్టమైన విద్యగా మారినది. వేదపాఠకుల పద్ధతిని చూడుడు. క్రమపాఠములో మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో, మూడవదానిని నాలుగవదానితో జతచేసి చెప్పుదురు. జటాపాఠములో ఆ జతను ముందునకు, వెనుకకు, మరల ముందునకు త్రిప్పుదురు. ఘనపాఠములో మూడు పదములను పట్టుకొని ఈ మలుపులను ఇంకను పెంచుదురు. ఒక పదము జారినచో రెండవ మలుపులో పట్టుబడును. ఇది వట్టి వల్లెవేయుట కాదు. తప్పును తానే కనిపెట్టు ఏర్పాటు. ఈ వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కోవారు మానవజాతి వారసత్వములోని ఉత్తమ సంపదగా ప్రకటించిరి. నేటి బొమ్మ చేయు పనికూడ ఇదియే: వరుసను నిర్మించుట, వరుసను పరీక్షించుట. అయితే వేదపాఠశాలలో వరుస గురుశిష్యుల నడుమ నడచును. ఒకరు చెప్పగా మరియొకరు విని సరిదిద్దుదురు.

ధారణను విద్యనుండి వినోదముగా, అదియు సభారంజకమైన వినోదముగా మార్చిన ఘనత మాత్రము తెలుగువారి అవధానమునకు చెందినది. అష్టావధానములో ఎనమండుగురు పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. ఒకరు ప్రతి అక్షరమునకు తరువాత రాగూడని అక్షరమును నిషేధింతురు. ఒకరు వర్ణన నడుగుదురు. వ్యస్తాక్షరి యందు ఒక వాక్యములోని అక్షరములను వరుసతప్పించి, ఒక్కొక్కదానిని అప్పుడప్పుడు అందింతురు. అవధాని వానిని తమతమ స్థానములలో కూర్చి చివరకు వాక్యమును చెప్పవలెను. అప్రస్తుత ప్రసంగము చేయువారు నడుమ నడుమ ఏదో ఒక పరిహాసపు ప్రశ్నవేసి ఏకాగ్రతను చెదరగొట్టుదురు. కొన్ని సభలలో చదరంగమును చేర్చుదురు. ప్రతి పృచ్ఛకునకు ఆవృత్తికి ఒక్కొక్క పాదము చొప్పున సమాధానము చెప్పి, అన్నియు ముగిసిన పిదప అవధాని పద్యములన్నింటిని ధారణచేసి అప్పగించును.

వీనిలో ఘంటాగణనమును మేము ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము. ఒకరు ఒక మూల కూర్చుండి తమ ఇష్టము వచ్చినప్పుడు గంట కొట్టుచుందురు. సభ ముగియునప్పటికి ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని చెప్పవలెను. పుష్పగణనములో వీపుపై పడిన పూవులను లెక్కింపవలెను. చెవికి ఒక సంకేతము, చర్మమునకు ఒక సంకేతము, లెక్కమాత్రము లోపల. నేటి జేబుబొమ్మలో మీట మ్రోగుటకును, ఆనాటి సభలో గంట మ్రోగుటకును ఉన్న చుట్టరికము ఇక్కడ స్పష్టమగును.

ఈ విద్యను ఊరూరికి తీసికొనిపోయినవారిలో తిరుపతి వేంకటకవుల పేరు జగద్విదితము. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా సంస్థానములు, పట్టణములు తిరిగి శతావధానములు చేసిరి. తిరుపతిశాస్త్రి 1920లో కీర్తిశేషులైరి. వేంకటశాస్త్రి 1949లో ఆస్థానకవి పదవి నందుకొని 1950లో గతించిరి. గుంటూరు మండలమునకు చెందిన కొప్పరపు సోదరకవులు, వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి, ఆశుకవిత్వములోను అవధానములోను వారికి దీటైన ప్రతిభ చూపిరి. ఈ రెండు జంటల నడుమ చెలరేగిన వాదములు ఆనాటి పండితులనే గాక సామాన్యులనుకూడ రెండు పక్షములుగా చేసినవి. నేడు క్రీడాజట్ల గురించి జనులు తగవులాడినట్లు ఆనాడు ధారణ గురించి తగవులాడిరన్నమాట.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. అవధానములో జ్ఞాపకముంచుకొనువాడు ఒక్కడే యైనను, ఆట సభది. పృచ్ఛకులు లేనిదే అవధానము లేదు. వారడిగిన ప్రశ్నను వారు మరువగూడదు. వారికిచ్చిన పాదము సరియైనదో కాదో వారే చెప్పవలెను. శ్రోతలుకూడ తమ మనస్సులలో లెక్క పెట్టుకొనుచునే యుందురు. అవధాని ధారణలో ఒక్క క్షణము ఆగినచో సభయంతయు ఊపిరి బిగపట్టును. ఆ ఊపిరి బిగింపే ఆటలోని రుచి.

ఇంటిలోని ధారణకూడ ఇట్లే నడచెడిది. వీధిబడిలో ఎక్కములు గుంపుగా వల్లెవేయుదురు. గొంతు కలుపని పిల్లవాడు వెంటనే దొరకిపోవును. అంత్యాక్షరిలో ఒకరి చివరి అక్షరము మరియొకరి మొదటి అక్షరమగును. ఏడు చేపల కథను తీసికొనుడు. చేప ఎండకపోవుటకు గడ్డిమోపు కారణము, దానికి ఆవు కారణము, దానికి పాలేరు కారణము. అట్లు పోయి పోయి చివరకు చీమపుట్టవద్దకు చేరును. కథ చెప్పు నాయనమ్మ కావలెననియే ఒక మెట్టు దాటవేయును; పిల్లవాడు పట్టుకొని సరిదిద్దును. పిల్లవాని జ్ఞాపకశక్తిని పరీక్షించుటకు ఇంతకంటె మృదువైన పద్ధతిని ఏ పరిశోధనాలయమును కనిపెట్టలేదు. ఇందు ఓడిపోయినట్లు నటించునది పెద్దది, గెలుచునది పిల్లవాడు.

పాశ్చాత్యదేశములలోకూడ ఇట్టి ఆటలు కలవు. వానిలో ఒకదానికి మన దేశమే రంగస్థలము. కిప్లింగు 1901లో ప్రకటించిన ‘కిమ్’ అను నవలలో సిమ్లాలోని ఒక దుకాణమున బాలునకు పళ్లెములోని రత్నములను కొంతసేపు చూపి, పిమ్మట కప్పివేసి, ఏమేమి ఉన్నవో చెప్పుమందురు. 1908లో బేడెన్ పవెల్ బాలచరుల కొరకు వ్రాసిన గ్రంథములో ఈ ఆటను చేర్చుటతో అది లోకమంతటను వ్యాపించినది. ఒక పళ్లెము, ఒక తువాలు, పది వస్తువులు చాలును. 1959లో జర్మనీలోని రావెన్స్‌బర్గర్ సంస్థవారు బోర్లించిన బొమ్మల జతలను గుర్తుపట్టు ఆటను ‘మెమొరీ’ యను పేరుతో ప్రకటించిరి. నేటికిని పసిపిల్లలు పెద్దలను సులభముగా ఓడించు ఆట అది.

ఇదే కాలమున శాస్త్రజ్ఞులు జ్ఞాపకమును కొలువసాగిరి. 1887లో లండనులో జోసెఫ్ జాకబ్స్ అంకెలను వరుసగా చదివి, విన్నవారు ఎన్నింటిని తప్పులేకుండ మరల చెప్పగలరో పరీక్షించెను. 1956లో అమెరికా మనశ్శాస్త్రవేత్త జార్జి మిల్లరు ఒక ప్రసిద్ధ వ్యాసములో, ఒకసారి విన్నదానిలో మనము పట్టి ఉంచగలిగినవి ఇంచుమించుగా ఏడు, కొందరికి రెండు తక్కువ, కొందరికి రెండు ఎక్కువ యని సూచించెను. ఆయన మరియొక ముఖ్యవిషయముకూడ చెప్పెను. ఏడనగా ఏడు అక్షరములే కానక్కరలేదు, ఏడు గుత్తులు కావచ్చును. పది అంకెల ఫోను సంఖ్యను మనము మూడు నాలుగు ముక్కలుగా విరచి చెప్పుకొనుటలోని కిటుకు ఇదియే. పద్యపాదమును గణములుగా విరచి పట్టుకొను అవధానికి ఈ కిటుకు ముందే తెలియును.

ఇక విద్యుత్తుతో పనిచేయు జ్ఞాపకపు ఆట పుట్టుకకు వత్తము. 1974లో అమెరికాలోని అటారీ సంస్థవారు ‘టచ్ మీ’ యను యంత్రమును వినోదశాలలలో పెట్టిరి. నాణెము వేసినచో నాలుగు మీటలు ఏదో ఒక వరుసలో వెలిగి మ్రోగును. ఆడువాడు ఆ వరుసను తిరిగి నొక్కవలెను. ఆ యంత్రము అంతగా ఆదరణ పొందలేదు. 1976లో చికాగోలో జరిగిన ఒక ప్రదర్శనలో దానిని చూచినవారిలో రాల్ఫ్ బేర్ ఒకడు. ఆయన 1922లో జర్మనీలో యూదు కుటుంబమున జన్మించి, నాజీల బాధకు తాళలేక 1938లో కుటుంబముతో అమెరికా చేరినవాడు. టెలివిజను తెరపై ఆడు ఆటల యంత్రమును తొలుత రూపొందించిన కీర్తి ఆయనదే. ఆ యంత్రము 1972లో విపణిలోనికి వచ్చెను. ‘టచ్ మీ’ని చూచి బేరును, ఆయన సహచరుడు హొవర్డ్ మారిసనును ఒకే అభిప్రాయమునకు వచ్చిరి: ఆట మంచిది, ధ్వనులు కర్ణకఠోరములు.

వారు చేసిన మార్పు రేడియో శ్రోతలకు వినసొంపుగా నుండును. నాలుగు మీటలకు నాలుగు స్వరములు కావలెను. అవి ఏ వరుసలో వచ్చినను చెవికి ఇంపుగా నుండవలెను. అందుకు బేరు సైనికులు ఊదు బ్యూగిలు బాకా స్వరములను ఆదర్శముగా గైకొనెను. మన సంగీతభాషలో చెప్పవలెనన్నచో మంద్రపంచమము, షడ్జము, అంతరగాంధారము, పంచమము. ఈ నాలుగింటిని ఎట్లు తిరుగవేసినను అపశ్రుతి పుట్టదు. ఇట్లు తయారైన ‘సైమన్’ అను ఆటను మిల్టన్ బ్రాడ్లీ సంస్థవారు 1978 మే నెలలో న్యూయార్కు నగరములో విడుదలచేసిరి. పళ్లెమువలె గుండ్రముగా నుండి, ఎరుపు, ఆకుపచ్చ, నీలము, పసుపు రంగుల నాలుగు భాగములతో అది బల్లపై పెట్టి నలుగురు చుట్టును కూర్చుండి ఆడుటకు అనువైనది. ఆ యేటి క్రిస్మసునకు అమెరికాలో విరివిగా అమ్ముడుపోయిన కానుకలలో అది యొకటి.

దాని లోపలనున్న చిన్న గణకయంత్రపు తునకను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు చేసిరి. అందు తాత్కాలికముగా గుర్తుంచుకొనుటకు ఉన్న చోటు 256 బిట్లు మాత్రమే. బిట్టు అనగా అవును–కాదు అను ఒక్క గుర్తు. నాలుగు మీటలలో ఏది యని గుర్తుంచుకొనుటకు రెండు బిట్లు చాలును. సైమన్ ఆటలో అత్యున్నతమైన నాలుగవ మెట్టున 31 సంకేతములను వరుసగా చెప్పవలసియుండెను. యంత్రమునకు దానికి కావలసినది 62 బిట్లు. ఆ స్వల్పమైన చోటు మనుష్యులలో చాలమందిని ఓడించుటకు సరిపోయినది! అంతమాత్రమున యంత్రము మనకంటె తెలివైనదని భ్రమపడరాదు. అది మరువజాలదు, అంతే. మరువగలిగినవాడే గుర్తుంచుకొనుటకు ప్రయత్నించును, ఆ ప్రయత్నమే ఆట.

1978లోనే అటారీవారు తమ ఆటను చేతిలో ఇమిడెడిదిగా చేసి అమ్మిరి. 1980లో సైమన్ ఆటకుకూడ జేబు రూపము వచ్చినది. అప్పటినుండి ఇట్టి బొమ్మలు ఎన్ని సంస్థలు చేసినవో లెక్కలేదు; తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనునంత చిన్నవియు వచ్చినవి. పిమ్మట ఆ ఆట చేతిఫోనులోనికి ప్రవేశించినది.

ఈ ప్రయాణమును ఒకసారి వెనుదిరిగి చూచినచో ఒక సత్యము కనబడును. అవధానమునకు సభ కావలెను. వినోదశాలలోని యంత్రము చుట్టును గుంపు చేరెడిది. బల్లమీది పళ్లెము చుట్టును నలుగురు కూర్చుండిరి. జేబుబొమ్మను ఇద్దరు ముగ్గురు చేతులు మార్చుకొని ఆడవచ్చును. ఫోనులోని ఆటను ఒక్కడే, తల వంచుకొని, చెవులకు గొట్టములు తగిలించుకొని ఆడును. వస్తువు చిన్నదైన కొలది సభయు చిన్నదగుచు వచ్చినది. జేబుబొమ్మను ఎన్నుకొనువారు మొదట చూడవలసినది దీనినే: ఈ వస్తువు మా రైలుపెట్టెలో సభను నిలుపునా, చెదరగొట్టునా?

రెండవ ప్రశ్న జ్ఞాపకశక్తి పెరుగునను వాగ్దానమును గురించినది. తలిదండ్రులు తమ సంతానము చదువుపై పెట్టుకొన్న ఆశయే ఇక్కడ విక్రేతకు పెట్టుబడి. కావున నిజమును కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. 1980లో అమెరికాలోని పిట్స్‌బర్గులో ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. ఒక సామాన్య విద్యార్థి సుమారు 230 గంటల అభ్యాసముతో, విన్న అంకెలను ఏడునుండి 79 వరకు వరుసగా చెప్పగలిగెను. అతడు పరుగుపందెములలో పాల్గొనువాడు. అంకెలను పందెపు కాలములుగా ఊహించుకొని గుత్తులు కట్టుకొనెను. ఇంతటి ధారణాశాలికి అంకెలకు బదులు అక్షరముల నిచ్చినప్పుడు ఏమైనది? మరల ఆరింటివద్దనే ఆగిపోయెను. అభ్యసించినది వచ్చును, అభ్యసింపనిది దానివెంట తానై రాదు. రంగుమీటల వరుసలో ఆరితేరిన పిల్లవాడు రంగుమీటల వరుసలోనే ఆరితేరును. ఎక్కములకు ఎక్కములనే చదువవలెను.

2016లో అమెరికా వర్తకసంఘ ప్రభుత్వశాఖ, మెదడునకు పదును పెట్టు ఆటలను అమ్ము ‘లూమాసిటీ’ సంస్థపై, ఆధారములేని ప్రచారము చేసినదని అభియోగము తెచ్చెను. ఆ వ్యవహారమును పరిష్కరించుకొనుటకు సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. కావున పెట్టెపైని పెద్ద మాటలను చూచి అధికమూల్యము చెల్లింపనక్కరలేదు. ఆటను ఆటగా కొనుడు. ఆనందము చిన్న లాభము కాదు.

ఇక ఎన్నికకు సంబంధించిన విషయములను క్రమముగా మనవిచేయుదుము. మొదటిది, ఆడు పద్ధతి. సైమన్ ఆటలో మొదటినుండియు రెండు ముఖ్యపద్ధతులు కలవు. ఒకదానిలో యంత్రమే వరుసను పెంచును. రెండవదానిలో ఆడువారు ఒక్కొక్కరు తమవంతున ఒక సంకేతమును చేర్చి పక్కవారికి అందింతురు. కుటుంబమునకు రెండవది శ్రేష్ఠము. అందు ప్రతివారును ఒకసారి పృచ్ఛకులు, ఒకసారి అవధానులు అగుదురు. కొనుటకు ముందు ఈ పద్ధతి కలదో లేదో అంగడివానిని అడిగి తెలిసికొనవలెను. లేకున్నను నిరాశపడనక్కరలేదు, వంతులు వేసికొని, ఎవరెన్ని మెట్లు ఎక్కిరో కాగితముపై గుర్తుపెట్టుకొని ఆడవచ్చును.

రెండవది, వెలుగును ధ్వనియు. వెలుగుమాత్రమే ఉన్న బొమ్మ చూపు మందగించిన తాతకు పనికిరాదు. ధ్వనిమాత్రమే ఉన్నది చెవి మందగించిన నాయనమ్మకు పనికిరాదు. రెండును ఉండి, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క వేరైన స్వరమున్నది మేలు. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివారు పురుషులలో కొందరుందురు. మీటల స్థానములు మారక, స్వరములు వేరువేరుగా నున్నచో వారును నిశ్చింతగా ఆడగలరు. అట్టి బొమ్మను చూపులేనివారుకూడ చెవితోనే ఆడవచ్చును. కొనునప్పుడు కన్నులు మూసికొని నాలుగు మీటలను నొక్కి వినుట మంచి పరీక్ష.

మూడవది, ధ్వనిని తగ్గించు ఏర్పాటు. ఇంటిలో ముచ్చటగా నున్న మ్రోత, రాత్రిబండిలో తోటి ప్రయాణికునకు శిక్ష యగును. ధ్వనిని తగ్గించుటకును, పూర్తిగా ఆపుటకును మీట ఉన్నదానినే తీసికొనవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, భద్రత. చిన్న బొమ్మలలో పెక్కింటికి బొత్తామువంటి గుండ్రని బ్యాటరీలుండును. పసిపిల్లలు వానిని మ్రింగినచో అవి అన్నవాహికలో చిక్కుకొని రెండు గంటలలోనే తీవ్రమైన పుండ్లు చేయగలవు. మ్రింగినట్లు అనుమానము కలిగినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కావున బ్యాటరీ మూతకు మరచీల బిగించియున్న బొమ్మనే కొనవలెను. సాధ్యమైనచో సన్నని పొడవుపాటి బ్యాటరీలతో నడచుదానిని ఎన్నుకొనవలెను. అవి రైలుస్టేషను అంగళ్లలోకూడ దొరకును. మన దేశమున 2021 జనవరి 1వ తేదీనుండి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయబడినది. విద్యుత్తుతో నడచు బొమ్మలకు వర్తించు ప్రమాణపు సంఖ్య ఐ.ఎస్. 15644. పెట్టెపై ఆ గుర్తును, ఆ సంఖ్యను చూచుకొనుట కొనుగోలుదారుని హక్కు.

అయిదవది, మెట్లు. ఐదేండ్ల పాపకును, పదునైదేండ్ల బాలునకును ఒకే వేగము తగదు. నెమ్మదిగా మొదలై, కోరినప్పుడు వేగము పెంచుకొనుటకు వీలున్న బొమ్మ చిరకాలము ఉపయోగపడును. తెర, ప్రకటనలు, ఇంటర్నెట్టు లేనిది మరియు మంచిది. ఆట ముగిసినప్పుడు అది నిజముగా ముగియును.

వస్తువు ఎట్టిదైనను, ఆడించు తీరులో ఒక మెలకువ కావలెను. ఇంటిలో జ్ఞాపకశక్తి సన్నగిల్లుచున్న వృద్ధులున్నచో, ఓడినవారు తొలగిపోవు పద్ధతిలో ఆడింపరాదు. నలుగురి ఎదుట మొదటనే తప్పుట వారికి ఆటగా తోచదు. తాము భయపడుచున్న విషయమునకు రుజువుగా తోచును. అట్టిచోట అందరును ఒక పక్షమై యంత్రముతో ఆడుట మేలు. ఒకరు ఎరుపును, ఒకరు నీలమును, ఒకరు పసుపును, ఒకరు ఆకుపచ్చను కనిపెట్టుకొనియుండవచ్చును. అప్పుడు పెద్దలకు మోయవలసిన బరువు పావువంతే, గెలుపుమాత్రము అందరిది. నాలుగు రంగుల బొమ్మ నలుగురికి పనికివచ్చునది ఇట్లే.

పిల్లలను పోల్చి తూచుటకుకూడ ఈ బొమ్మను తాసుగా వాడరాదు. అన్న పదునాలుగు చెప్పెను, తమ్ముడు ఎనిమిదివద్దనే ఆగెను అన్నంతమాత్రమున ఒకరి బుద్ధి గొప్పది, మరొకరిది తక్కువ యని తేలదు. నిద్ర చాలకున్నను, కిటికీబయట కాలువ కనబడినను వరుస చెదరును. కాలువను చూచిన పిల్లవాడు తప్పు చేసినవాడు కాడు.

బ్యాటరీ అయిపోవు సమయము ఒకటి తప్పక వచ్చును. అప్పుడు ఆటను ఆపవలసిన పనిలేదు. నాలుగు రంగులకు బదులు నాలుగు చేతిచరుపులు నిర్ణయించుకొనవచ్చును: చిటిక, చప్పట్లు, తొడపై దెబ్బ, బల్లపై తట్టు. లేదా దాటివచ్చిన స్టేషనులనే ఒకరొకటి చేర్చుచు చెప్పవచ్చును. అంత్యాక్షరి ఆడవచ్చును. ఏడు చేపల కథను ఈసారి పిల్లవాడు చెప్పగా నాయనమ్మ వినవచ్చును. అతడు ఒక మెట్టు దాటవేసినచో ఆమె పట్టుకొనును.

ధర విషయమున మా సలహా ఒక్కటే. ఐదుగురు ప్రయాణికులున్న కుటుంబము ఐదు బొమ్మలు కొనవలదు. ఒక్కటి కొనుడు. చేతులు మారుటకు ఒక్కటే యుండవలెను.